నాలుగో జాయింటు కింద

రివెట్టు తల మీద ఒక అంచుకి బొటనవేలు ఆనించి, రెండో అంచున సుత్తితో కొట్టాడు బంగారురాజు. వేలి కింద ఇనుము కదిలింది. వెంట్రుకవాసి కదిలిందంతే, కానీ కదిలింది.

పక్కదాన్ని కొట్టాడు. అదీ కదిలింది.

నాలుగో జాయింటులో మొత్తం ఇరవై నాలుగు రివెట్లు. చివరిదాకా చూసేసరికి వదులువి తొమ్మిది తేలాయి. పాత రివెట్లన్నీ పీకి కొత్తవి వేశామని కాంట్రాక్టరు కాగితం రాసిచ్చి రెండు వారాలైంది. వేసింది కొత్త రంగు మాత్రమే.

మధ్యాహ్నం మూడు దాటింది. నాలుగింటికి వంతెన తెరుస్తారు. విమానాశ్రయం రన్‌వే పెంచడానికి రాళ్లు మోసే పదిచక్రాల లారీ ఒకటి, దండలు వేసుకుని ఇవతలి ఒడ్డున అప్పుడే సిద్ధంగా ఉంది.

వంతెన పైన కమ్మీ దగ్గర అతని తాడు పట్టుకుని కూర్చున్న బావమరిది సత్యారావు తొంగి చూశాడు.

"బావా, టిక్కుల మీద రంగెయ్యడానికి ఇంతసేపేటి? బొమ్మలు గీస్తన్నావా?"

"ఒరే సత్యం, తొమ్మిది వదులున్నాయి."

"ఈ ఇమానాల గోలలో నా మాటే నాకినపడదు. నీకు రివెట్టు మాటినపడ్నాదేటి?"

"సెవితో కాదురా. ఏలుతో సూసినాను."

సత్యారావు నవ్వు ఆగిపోయింది.

బంగారురాజుకి ఆ చెవే గర్వం. తాత కాలం నుంచి వాళ్లది రంగూన్ ఓడరేవులో రివెట్ల పని. సుత్తి దెబ్బకి గణగణమంటే గట్టి, డొల్లగా మోగితే వదులు. నగరంలో ఇప్పుడు ఆ పని తెలిసినవాళ్లు పదిమంది కూడా లేరు. పాత ఇనుప వంతెన ఏది పాడైనా ఆఫీసువాళ్లు అతన్నే పిలుస్తారు. రెండు వారాల క్రితం కూడా పిలిచారు. ఆరోజు వాన. నెత్తి మీద మూడు నాలుగు నిమిషాలకో విమానం దిగుతోంది. ఇంజనీరు ఊ సో ల్విన్ గొడుగు కింద నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. ఒక్కో రివెట్టునీ వేలితో చూడాలంటే రెండు రోజులు పడుతుంది. అన్నీ కొత్తవే కదా, టిక్కు పెట్టెయ్యండి అన్నాడు ఇంజనీరు. ఆ మోతలో సుత్తి దెబ్బ తనకి వినపడలేదని ఒప్పుకోవడానికి బంగారురాజుకి నోరు రాలేదు. అరవై ఏళ్లు దగ్గరపడుతున్న మనిషి, ఆ చెవితోనే బతికినవాడు. రివెట్ల మీద సుద్దతో టిక్కులు పెట్టాడు. సంతకం చేశాడు.

ఆ టిక్కులు వానకి చెదిరాయని, ప్రారంభానికి ముందు తెల్లగా దిద్దమని ఈరోజు మళ్లీ దించారు. మనసు ఊరుకోక వేలు పెట్టి చూశాడు.

పైకి వచ్చి నేరుగా ఇంజనీరు దగ్గరికి వెళ్లాడు. ఊ సో ల్విన్ చెడ్డవాడు కాదు. భయస్తుడు. విమానాల మోత భరించలేకపోతున్నామని వార్డు జనం మూడుసార్లు అర్జీ పెడితే, విమానాలు లేని రోజు చూసి మీటరు తెచ్చి, మోత పరిమితిలోనే ఉందని జవాబు రాసిందీ ఆయనే. ఆ జవాబు రాయమని చెప్పినవాళ్లే ఈరోజు తేదీ కూడా ఖాయం చేశారు.

బంగారురాజు బర్మీస్‌లో విషయం చెప్పాడు. ఇంజనీరు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. పెద్దవాణ్ణి బాబాయ్ అన్నట్టు బంగారురాజుని ఊలే అంటాడాయన.

"ఊలే, కాగితం మీద మీ సంతకం ఉంది. వదులంటే ఆరోజు అబద్ధం రాసింది మీరే. ముందు మిమ్మల్నే తీసుకుపోతారు. ఆలోచించుకోండి."

కాంట్రాక్టరు మేనేజరు కో థెట్ ఈ మాటలు వినేంత దూరంలోనే ఉన్నాడు. బంగారురాజుని చూసి చిన్నగా తలూపాడు, పాత స్నేహితుణ్ణి పలకరించినట్టు. ఆ తలూపులో ఉన్న బెదిరింపు బంగారురాజుకి అర్థమైంది.

సత్యారావు అతన్ని పక్కకి లాగాడు. వదిలెయ్యమన్నాడు. నువ్వు లోపలికెళ్తే అక్కకి ఎవరు చెప్తారని అడిగాడు. రెండు నెలల నుంచి వంతెన లేక జనం చుట్టూ తిరిగి చస్తున్నారని, ఇప్పుడు మూయమంటే ఆ జనమే కొడతారని కూడా అన్నాడు. అన్నీ నిజాలే. బంగారురాజు కాసేపు సుత్తిని చేతుల్లో తిప్పుతూ నిలబడిపోయాడు.

అప్పుడే కూతురు దుర్గ ఫోన్ చేసింది. లైంగ్‌థార్యార్ పేటలో బట్టల ఫ్యాక్టరీలో కుడుతుంది. పనివాళ్లని ఇళ్లకి చేర్చే ఫ్యాక్టరీ బస్సుని అక్కడ ఫెర్రీ అంటారు.

"నానా, ఈరోజు మాకు పెందరాలే వదిలీసినారు. ఫెర్రీ బస్సు బ్రిడ్జీ మీంచే వస్తంది. డ్రైవర్ని మేవే ఒప్పించినాం. నలబై రెండు మందివి, అందరం పాటలే పాటలు."

"వద్దమ్మా, సుట్టూ తిరిగి రండి. బ్రిడ్జీ..."

మిగతాది విమానం మింగేసింది. చక్రాలు చాచుకుని ఇళ్ల కప్పుల మీదుగా దిగిపోయింది. మోత తగ్గేసరికి ఫోన్ కట్టయింది. మళ్లీ చేశాడు. సిగ్నల్ లేదు. మరో రెండుసార్లు చేశాడు. లేదు.

నాలుగింటికి పది నిమిషాలుంది. అవతల వార్డు పెద్ద మైకు సరిచేసుకుంటున్నాడు. రెండు గట్ల మీదా జనం.

"సత్యం, నేను కిందకెల్తన్నాను," అన్నాడు బంగారురాజు.

"మల్లీ ఎందుకు?"

"నిలబడ్డానికి."

సత్యారావుకి అర్థమైంది. ఓడరేవు వర్క్‌షాపులో ఒక పద్ధతి ఉండేది. క్రేన్ బాగుచేశాక, బాగుందని సంతకం పెట్టినవాడు మొదటి బరువు లేస్తున్నప్పుడు దాని కిందే నిలబడాలి. మేస్త్రీ అయినా, దొర అయినా. నిలబడనన్నవాడి సంతకం చెల్లదు. తాత నిలబడ్డాడు, తండ్రి నిలబడ్డాడు. బంగారురాజు కూడా ఇరవై రెండో ఏట ఒకసారి నిలబడ్డాడు.

"జనానికి సెప్పు. సంతకాలెట్టినోల్లం ముగ్గురం. ఒకడు దిగినాడు, మిగతా ఇద్దర్నీ పంపమని సెప్పు."

తాడు పట్టుకుని దిగి, నాలుగో జాయింటుకి సరిగ్గా కింద, స్తంభం అంచు మీద నిలబడ్డాడు. అడుగున కాలువ బురద రంగులో పారుతోంది.

పైన సత్యారావు వచ్చీరాని బర్మీస్‌లో అరవడం మొదలుపెట్టాడు. వంతెన గట్టిదైతే సంతకం పెట్టినవాళ్లు లారీ కింద నిలబడతారు, మా ఆచారం ఇది, మా బావ దిగాడు, ఇంజనీరు సయా గారూ మీరూ దిగండి, కో థెట్ మీరూ దిగండి. మొదట నవ్వులు వినిపించాయి. తర్వాత నవ్వులు తగ్గాయి. సంతకం పెట్టిన మనిషి కింద నిలబడడానికి ఎందుకు వెనకాడుతున్నాడో జనానికి ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. మైకు ఆగిపోయింది.

అయిదు నిమిషాలు గడిచాయి. తాడు కదిలింది. నల్ల బూట్లు, తర్వాత మడిచి కట్టిన లుంగీ. ఊ సో ల్విన్ దిగుతున్నాడు. కో థెట్ రాలేదు.

"పైకి రండి ఊలే. నా పరువు తీయకండి," అన్నాడు ఇంజనీరు ఒగరుస్తూ.

"వస్తాను సయా. ఒక్కసారి వేలివ్వండి."

ఇంజనీరు బొటనవేలు పట్టుకుని రివెట్టు తల మీద పెట్టాడు. సుత్తి ఎత్తాడు. కొట్టలేదు. కొట్టే పని పడలేదు. దూలమంతా వణికింది.

లారీ కదిలింది.

కో థెట్ చెయ్యి ఊపి ఉంటాడు. ముందు చక్రాలు వంతెన ఎక్కాయి. సరిగ్గా అప్పుడే మరో విమానం నెత్తి మీదికి వచ్చింది. ఇంజనీరు ఆపమని అరిచాడు. నోరు తెరుచుకోవడం కనిపించింది తప్ప మాట వినిపించలేదు. అతని వేలి కింద రివెట్టు లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది. జాయింటు పలకల మధ్య నుంచి ఎర్రటి తుప్పు పొడి ఇద్దరి ముఖాల మీద రాలింది. కొత్త రంగు పెచ్చులుగా విరిగి కాలువలో పడింది. చిన్న ఇనుప ముక్కొకటి బంగారురాజు భుజాన్ని రాసుకుంటూ పోయింది. పైకి చూశాడు. వరసలో ఒక రివెట్టు తల లేదు.

లారీ మూడో జాయింటు దాటితే బరువంతా ఈ నాలుగోదాని మీదే. బంగారురాజు ఇంజనీరుని స్తంభానికి అదిమి, అతని మీద తను ఒరిగాడు. అంతకన్నా చేయగలిగింది ఏమీ లేదు.

వణుకు ఆగింది.

విమానం దాటిపోయాక పైనుంచి తిట్లు వినిపించాయి, సగం తెలుగులో, సగం బర్మీస్‌లో. సత్యారావు లారీ మెట్టెక్కి, కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం లాగేశాడు. డ్రైవరు అతని చొక్కా పట్టుకున్నాడు. సత్యారావు తాళం వదల్లేదు.

ఇంజనీరు పైకి వచ్చేసరికి ముఖమంతా తుప్పు. జనం దారిచ్చారు. ఆయన కో థెట్ వైపు చూడలేదు. లారీని వెనక్కి తీయించాడు. వంతెనకి రెండు వైపులా అడ్డంగా వెదురుబొంగులు కట్టించాడు. కో థెట్ ఫోన్ తెచ్చి, పెద్దాఫీసు నుంచి అంటూ అందించబోయాడు. ఊ సో ల్విన్ కాగితం రాస్తున్నానన్నాడు. ఫోన్ తీసుకోలేదు.

లారీ బానెట్ మీద పెట్టి రాశాడు. రాసి బంగారురాజుకి ఇచ్చాడు. బంగారురాజు కూడబలుక్కుంటూ చదివాడు. నాలుగో జాయింటు ప్రమాదకరం. వంతెన మూసివేయడమైనది. రెండు వారాల నాటి తనిఖీని బంగారురాజు సరిగా చేయలేదు.

అంతే ఉంది.

"ఇది నిజమే సయా," అన్నాడు. "వినపడకుండానే టిక్కు పెట్టాను. కానీ టిక్కు పెట్టమన్నది ఎవరు? అదీ రాయండి. రాస్తేనే సంతకం."

ఇంజనీరు కలానికి మూత పెట్టాడు. చుట్టూ జనం దగ్గరికి జరిగారు. ఎవరూ గొడవ చేయలేదు. ఆ కాగితం వైపే చూస్తూ నిలబడ్డారు.

అవతలి గట్టున ఫెర్రీ బస్సు వచ్చి ఆగింది. ఆడపిల్లలు దిగి, వెదురుబొంగుల దగ్గర గుమిగూడి, ఏమైందని ఒకరినొకరు అడుగుతున్నారు. వాళ్లలో దుర్గ నీలం చొక్కా కనిపించింది. వార్డు పెద్ద వాళ్లని వెనక్కి వెళ్లమంటున్నాడు, చుట్టూ తిరిగి రమ్మంటున్నాడు. గొణుగుతూ మళ్లీ బస్సెక్కారు.

ఆఫీసు జీపొకటి టీకొట్టు ముందు ఆగింది. ఇద్దరు దిగి ఇటే నడిచి వస్తున్నారు.

ఊ సో ల్విన్ వాళ్లని చూశాడు. తన బొటనవేలు చూసుకున్నాడు. కాగితం వెనక్కి తీసుకుని ఇంకో వాక్యం రాశాడు. తన పేరు పూర్తిగా, హోదాతో సహా రాసి, కింద కొత్త రివెట్లు వేశామని కాగితం ఇచ్చిన కో థెట్ పేరు కూడా చేర్చాడు.

బంగారురాజు ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. సంతకం పెట్టి, జీపువాళ్లు వచ్చేలోగా కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తియ్యమని పక్కనున్న జనానికి ఎత్తి చూపించాడు.