తాళం పడని తలుపు

బాలకిషన్ చాయ్ బండి మీద కోర్టు బంట్రోతు సాయిలు నాలుగు ఖాళీ కాగితాలు పరిచాడు. బాలకిషన్ తడిచేత్తోనే నాలుగింటి అడుగునా సాక్షి సంతకం గీకుతూ అడిగాడు.

"ఎవల ఇండ్లే ఇయ్యి?"

"నీకెందుకు? గీకు, చాయ్ పొయ్యి."

ఇరవై ఆరేళ్లుగా ఇదే తంతు. కోర్టు నోటీసు మనిషి చేతిలో పెట్టాలి. మనిషి లేకుంటేనే, సాక్షి ముందు తలుపుకు అంటించాలి. మోకాళ్లు అరిగినప్పటి నుంచి సాయిలుకు మెట్లున్న ఇళ్లన్నీ తాళం వేసిన ఇళ్లే. భుజాన సంచి, అందులో మైదాజిగురు డబ్బా, ఎడమ మోకాలికి మాసిన పట్టీ.

ఉస్మాన్‌గంజ్‌లో గోదాం మీద మూడో అంతస్తు గదిలో అద్దెకుండే నాగమణమ్మకూ అట్లాగే తాళం వేశాడు. చింతపండు గింజ తీసి బతికే ముసలామె. నిరుడు ఓనరు ఖాళీ చేయించే కేసు వేస్తే, సాయిలు కింది మెట్టు మీదే కూర్చుని "తలుపు తాళం. అంటించితిని" అని రాసేశాడు. తెలియక ఆమె కోర్టుకు పోలేదు. ఆమె మాట వినకుండానే తీర్పు అయిపోయింది. ముసలామె వదల్లేదు, హైకోర్టు దాకా పోయింది. నోటీసు అందనే లేదు, ఆమెను విని మళ్లీ తేల్చమని వాళ్లు కేసును కింది కోర్టుకే తిప్పి పంపారు. "చేతికే ఇవ్వాలి" అని ఎర్రసిరాతో రాసిన కొత్త నోటీసు వారం నుంచీ సాయిలు సంచిలోనే ఉంది. రేపే వాయిదా. ఆమె రాకుంటే గది పోయినట్టే.

ఇక తప్పక ఎక్కాడు. ముప్పై ఎనిమిది మెట్లు, మెట్టుకో మూలుగు. పైన తలుపు బార్లా తెరిచి ఉంది. పక్క గది రమాబాయి బిందె దించి చూసింది.

"ఎవలు గావాలె?"

"నాగమణమ్మ. కోర్టు నుంచి వచ్చిన."

"వచ్చినవా అన్నా! నీ కోసమే కూసున్నది. గుండెల నొప్పొస్తే దవాఖాన్ల చేరుమన్నరు. పోనంటే పోనన్నది. 'నేను లేనప్పుడు కోర్టాయనొస్తే మళ్ల తాళమని రాస్తడు' అన్నది. తలుపు తెరిచి, పీటేసుకొని, పొద్దుగూకేదాక గీడనే. మొన్న గోడకు ఒరిగినట్టే పానం ఇడిసింది."

సాయిలు గోడ పట్టుకున్నాడు. ఆయాసం తగ్గాక అడిగాడు.

"వారసులు?"

"ఎవలున్నరు? మట్టి గూడ బస్తీవాళ్లమే చేసినం." అతని మోకాలి పట్టీ వైపు చూసింది. "గిప్పుడైతే మంచిగ ఎక్కినవ్ మెట్లు."

సాయిలు సంచి తెరిచాడు. బాలకిషన్ సంతకమున్న కాగితం ఒకటి తీసి, మోకాలి మీద పెట్టుకుని రాశాడు: "వారంలో రెండుసార్లు వెళ్లితిని. తలుపు తాళం. మూడోసారి వెళ్లగా మరణించినట్లు తెలిసినది. వారసులు లేరు."

మడిచి సంచిలో పెట్టుకున్నాడు. దిగేటప్పుడు మోకాలు అంతగా నొప్పి పెట్టలేదు.

తెరిచిన తలుపు ముందు పీట అట్లాగే ఉంది. పక్కన సగం గింజ తీసిన చింతపండు గంప, దాని అంచుకు ఆనించిన చిన్న కత్తి. కత్తి మొనకు ఒక గింజ ఇంకా అంటుకునే ఉంది.