రొయ్యపిల్ల మేత

మా పీతల షెడ్డు మడ అడవి అంచున, పాయ ఒడ్డున ఉంది. ఆ పాయలో ప్రాణం లేదని పర్యావరణ ఆఫీసు తేలిస్తే చెట్లు కొట్టి పడవల రేవు కడతారు. ఉందని తేలిస్తే పీతలుంటాయి, నేనూ ఉంటాను. తేల్చేవి జంతు ప్లవకాలు. అంటే కంటికి ఆనీ ఆనని నీటి పురుగులు. పీతపిల్లలకు అవే కూడు. లీటరుకు నలభై దాటితే పాయ బతికున్నట్టు.

లెక్కపెట్టే ఉద్యోగం మా బామ్మర్దిదే. పాయ నీటితో లీటరు సీసా నింపి తెచ్చాడు. వెంటనే మందు కలిపితే పురుగులు ఉన్నవి ఉన్నట్టు నిలిచిపోతాయి. కానీ ఆ ఆఫీసులో నంబరు లేని సీసాకు మందివ్వరు. నంబరు పడాలంటే పెద్ద సారు సంతకం కావాలి. పెద్ద సారేమో నీటి జీవాలను కాపాడే సభల్లో ఊపిరాడకుండా ఉన్నాడు. సీసా నాలుగు రోజులు ఆయన బల్ల మీద కూర్చుంది.

ఐదో రోజు బామ్మర్ది ఫోన్ చేశాడు.

"బావా, కొంప మునిగింది. సీసాలో ఒక్కటే మిగిలింది."

"ఏంట్రా అది?"

"రొయ్యపిల్ల. తెచ్చినప్పుడు వెంట్రుకలా ఉండేది. అన్నిటినీ తినేసి, ఇప్పుడు మీ షెడ్డు మేనేజరులా పొట్టేసింది!"

నేను వెళ్ళేసరికి సారు పెన్ను మూత తీస్తున్నాడు. "ఒకటి అని రాస్తున్నానయ్యా. ఉన్నదే కదా రాయాలి."

"ఆగండి సార్. మా బుట్టలో పీతలు కొట్టుకుంటే, మిగిలిన పెద్దకాళ్ళు జతలు కలిపి లెక్క తేలుస్తాం. సీసా అడుగున రొయ్య తినకుండా వదిలిన పురుగుల మీసాలుంటాయి, చూడమనండి."

బామ్మర్ది సూక్ష్మదర్శిని మీదికి వంగి చాలాసేపటికి లేచాడు. "నూట నాలుగు మీసాలు సార్. జతకొకటి చొప్పున యాభై రెండు పురుగులు."

"చచ్చినవాటిని ఎలా లెక్కేస్తాం?"

"మీరు మందేసినా చచ్చేవే కదండీ!" అన్నాను.

సారు ఫ్యాను వంక చూశాడు. తర్వాత మొహం విప్పారింది. "తిన్నది రొయ్య కదా, అది మత్స్యశాఖ కిందికి వస్తుంది. వాళ్ళ అభిప్రాయం వచ్చేదాకా ఈ రొయ్య సాక్ష్యం. చావకూడదు. మేపండి."

"దేంతో సార్?" అన్నాడు బామ్మర్ది.

"పాయ నీళ్ళు తెచ్చి పొయ్యి. మేత అందులోనే ఉంటుందిగా!"

"ఆ ముక్క కాగితం మీద పెట్టండి సార్. రేపు ఆడిట్‌లో మావాణ్ణి అడిగితే?" అన్నాను.

ఆడిట్ మాట వినగానే ఆయన చెయ్యి దానంతటదే కదిలింది. 'పాయ నీటిలో జీవాహారం పుష్కలంగా లభించుచున్నందున, ప్రతిదినము తెచ్చి రొయ్యకు వేయవలెను.' నంబరు, తేదీ, సంతకం, ముద్ర అన్నీ పడ్డాయి.

నకలు ఒకటి నేను పుచ్చుకున్నాను. అసలు కాగితాన్ని బామ్మర్ది పాయ ఫైలులో అన్నిటికంటే పైన పెట్టాడు. రేవు కట్టేవాళ్ళు వచ్చి మొదట చదివేది అదే.