రెండు ఎడమ చేతుల కోటు

పొద్దున్నుంచి ఫోన్ ముట్టుకోలేదు, ముట్టుకోలేదంటే ముట్టుకోలేదు, ఇంత నిగ్రహం గుహల్లో తపస్సు చేసుకునేవాళ్లకి కూడా ఉండదు అనుకున్నాడు చిన్నోడు కత్తెర అందుకుంటూ, లేవగానే అలారం ఆపడానికి ముట్టుకున్నది లెక్కలోకి రాదు, ఆ చేత్తోనే వాన పడుతుందేమో చూశాడు, వానలోంచి ఎవరో తివాచీ ఉతికే వీడియోలోకి జారాడు, మురికి తివాచీ తెల్లబడేదాకా మధ్యలో లేచిపోవడం మర్యాద కాదు, అలా పదకొండు తివాచీలు తెల్లబడ్డాయి, అయినా అదంతా పళ్లు తోముకోకముందు సంగతి, పళ్లు తోముకోనివాడు మనిషే కాదనేది అమ్మ, కాబట్టి చూసింది తను కాదు.

బల్ల మీద అమ్మ కోటే ఉంది, ముక్కలు ముక్కలుగా, నిన్నంతా నాన్న కుట్లు విప్పుతూ కూర్చున్నాడు, అమ్మ పోయిన రెండేళ్లూ బీరువాలో ఉన్న కోటు, చేతులు మాత్రం పురుగు కొట్టేసింది, నడుము కింద వెడల్పుగా జారే ఘేరాలోంచి కొత్త చేతులు తీసి అక్కకి సరిపోయేలా కుట్టాలి, సోమవారం కొత్త ఉద్యోగానికి అది వేసుకునే వెళ్తానంది అక్క, కత్తెర నువ్వే పట్టుకోరా అన్నాడు నాన్న, ఆరేళ్లుగా తనతో గుండీలు తప్ప ఇంకేమీ కుట్టించని నాన్న, సరిగ్గా కోశావా రేపట్నుంచి ఈ బల్ల నీది, ఈ గుడ్డ మాత్రం మళ్లీ దొరకదు అని చెప్పి, అటు తిరిగి ఇస్త్రీ చేసుకుంటున్నాడు, వీపుకి కూడా కళ్లున్న మనిషి.

చేతి కొలతకి కత్తిరించిన అట్ట గుడ్డ మీద పెట్టి సుద్దతో గీసి ఎడమ చేయి కోశాడు, కత్తెర వెన్నలో దిగినట్టు దిగింది, నీలం ఉన్ని, ఒకవైపు నున్నగా ఒకవైపు గరుగ్గా, చిన్నప్పుడు బస్టాపులో ఈ నున్నటి వైపుకే చెంప ఆనించి నిలబడేవాడు, చలికి ముక్కు రాలిపోతోందమ్మా అని ఏడిస్తే రాలనీ, మీ నాన్న దగ్గర దారం లేదా, కుట్టించేద్దాం అనేది, తన చెయ్యి లాక్కుని కోటు జేబులో పెట్టుకునేది, లోపల పాత టికెట్లు, తాళంచెవి, అమ్మ వేళ్లు, బస్సు వందేళ్లకి గానీ వచ్చేది కాదు, ఇంకో వందేళ్లు ఆలస్యమైనా బాగుండు అనిపించేది, అంత వెచ్చటి వేళ్లు ఆస్పత్రిలో చివరికి ఎంత చల్లగా

పిల్లి పూలకుండీని తోసేసింది, ఒకాయన గోడకి రంగేస్తున్నాడు, ఇంకొక్కటి, పిల్లి ఇంకో కుండీని తోసేసింది, ఇంకొక్కటి, ఫోన్ చేతిలోకి ఎప్పుడొచ్చిందో ఫోనుకే తెలియాలి, బొటనవేలు జీతమిచ్చి పెట్టుకున్న పనివాడిలా తోసుకుంటూ పోతోంది, నాన్న దగ్గాడు, ఫోన్ జేబులోకి దూకింది, చిన్నోడు సుద్ద పట్టుకున్నాడు, అట్ట పెట్టాడు, గీశాడు, కోశాడు, ఘేరాలో మిగిలింది జేబురుమాలంత ముక్క.

నాన్న వచ్చి రెండు చేతులూ నున్నటి వైపులు ఎదురెదురుగా కలిపి చూశాడు, ఒకదాని వంపు అటు పోయింది, రెండోదాని వంపు ఇటు పోయింది, కళ్లజోడు నుదుటి మీదకి తోసి మళ్లీ కలిపి చూశాడు, రెండో చేతికి అట్ట తిరగేయాలని దర్జీ ఇంట్లో పిల్లి కూడా చెబుతుంది, మీ అక్కకి రెండూ ఎడమ చేతులేనని నాకెవరూ చెప్పలేదేరా అన్నాడు, గొంతు పెంచలేదు, పెంచినా బాగుండేది, అట్ట జారిందన్నాడు చిన్నోడు, వెలుతురు చాల్లేదన్నాడు, నడినెత్తిన సూర్యుడు కిటికీలోంచి వింటున్నాడు, ఫోన్ చూశావా అన్నాడు నాన్న, లేదు నాన్నా, పొద్దున్నుంచి ముట్టుకుంటే ఒట్టు, అనేసరికి జేబులోంచి ఎవరో పిల్లిని తిట్టడం మొదలెట్టారు, తిట్టి తిట్టి నవ్వారు, నాన్న నవ్వలేదు, కోసిన చేయి మీద అరచెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాడు, అమ్మ భుజం మీద పెట్టినట్టు.

ఏం తోచక చూస్తాననుకున్నాడు ఇన్నాళ్లూ, తోచకపోవడమేమిటి, అన్నం దగ్గర ఖాళీ కుర్చీ కంటపడగానే, బస్సు ఆలస్యమవగానే, పడుకోబోయే ముందు ఇల్లు నిశ్శబ్దం కాగానే, ప్రతిసారీ అమ్మ వచ్చి ఎదురుగా నిలబడబోయే క్షణానికే వేలు పైకి తోసేస్తోంది, పిల్లినీ తివాచీనీ కాదు, అమ్మని, రెండేళ్లుగా అమ్మని తోసేస్తూనే ఉన్నాడు, జేబులోంచి ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు, చూశాను నాన్నా అన్నాడు, కోస్తుంటే అమ్మ గుర్తొచ్చింది, ఇంకాసేపు గుర్తొస్తుందేమోనని భయమేసి చూశాను.