ఏనుగుకు కొత్త బ్రేకులు

అనిల జీపును ఎల్లారెడ్డిలో అందరూ ఏనుగు అంటారు. పుట్టుకతో అది మామూలు పాత జీపే. అనిల దాన్ని జానెడు పైకి లేపించి, పెద్ద పెద్ద బురద టైర్లు తొడిగి, ముందు ఇనుప కడ్డీ బిగించింది. నాగిరెడ్డిపేట దిక్కున కాలువ కింద వాళ్లకు మడి ఉంది. వానాకాలంలో ఆ దారిన ట్రాక్టర్లే దిగబడి మూలుగుతుంటాయి. ఈ ఏనుగు మాత్రం ఎరువు బస్తాలు వేసుకుని చక్కగా పోయొచ్చేది. పోవడానికి దానికి ఏ లోటూ లేదు. తంటా అంతా ఆగడం దగ్గరే.

మరి కాదూ? ఏనుగును పెంచినమ్మ అంకుశాన్ని కూడా పెంచాలా వద్దా? చిన్న టైర్ల కోసం పుట్టిన బ్రేకులు అంత పెద్ద టైర్లను ఎక్కడ ఆపుతాయి! పెడలు రెండు మూడు సార్లు తొక్కితే గానీ బండి మాట వినేది కాదు. మొన్న అన్నిసార్లు తొక్కే తీరిక దొరకలేదు. ఇంటి ముందు వాలులో దిగుతూ దిగుతూ, గేటు దాటి, గోడ పక్కనున్న బీరపందిరిని కూలదోసింది.

ఆ పందిరి అనిల నానమ్మ చంద్రవ్వది. చంద్రవ్వ కన్నకొడుకు బాలకృష్ణకు కూడా ఆ బీరపాదుకు జరిగినంత ముద్దు జరగలేదు. పూతకొచ్చిన తీగను చేతిలో పట్టుకుని ముసలామె అగ్గి మీద గుగ్గిలమైంది.

"ఆగరాని బండి ఇంట్ల ఎందుకే? ఇయ్యాల బీరపాదు, రేపు ఎవ్వని పానమో! అమ్మిపారెయ్!"

"బ్రేకులు మార్పిస్త అవ్వా. జర ఆగు."

"నేను ఆగుత. నీ బండే ఆగది."

అనిల తండ్రి బాలకృష్ణ పక్కనే ఉన్నాడు. తల్లికి ఎదురు చెప్పి ఎరగని మనిషి. తువ్వాలుతో మొఖం తుడుచుకున్నాడు. ఇక తీర్పు కూడా చంద్రవ్వే చెప్పింది. బ్రేకులు మార్పించుకుని రావాలి. బేస్తవారం పొద్దున తానే బండిలో కూర్చుంటుంది. వాలు దిగి గేటు ముందు ఆగిందా, బండి ఇంట్లో ఉంటుంది. గేటు దాటిందా, లింగంపేట భీమేష్‌కు ఇచ్చెయ్యాలి. భీమేష్ ఏడాదిగా ఆ జీపు మీద కన్నేసి ఉన్నాడు. కబురు అందీ అందగానే తప్పకుండా వస్తానన్నాడు. రాడా మరి!

ఆ పూట అనిలకు అన్నం సయించలేదు. ఒక్కొక్క నట్టూ తన చేత్తో బిగించుకున్న బండి అది. దాన్ని ఇంకొకడు తోలుకుపోతాడన్న తలంపుకే ఏడుపొచ్చింది. కంచం పక్కకు జరిపి లేచిపోయింది.

మర్నాడు తెల్లవారుతూనే, రోడ్డు మీద జనం లేని వేళ చూసుకుని, మెల్లమెల్లగా కామారెడ్డి చేరింది. స్టేషను అవతల మెకానిక్ అబ్రాహాము షెడ్డు ఉంది. అతనికి చేతి కన్నా నోరు ముందు. జీపెక్కి పెడలు ఒక్కసారి తొక్కి చూసి దిగాడు.

"యేసయ్యా! గీ బ్రేకు తొక్కుకుంట ఈడిదాంక వచ్చినవా? నీ గుండెకు దండం బిడ్డా."

"బేస్తారం లోపల కావాలన్నా. లేకుంటె మా అవ్వ బండిని ఇంట్ల ఉండనియ్యది."

"రోడ్డు మీద ఆగెటట్టు చేస్త. ఇంట్ల ఆగుడు మీ అవ్వ చేతుల ఉన్నది."

అన్నాడే గానీ పనిలో వంక పెట్టడానికి లేదు. ముందు చక్రాల పాత బ్రేకు డ్రమ్ములు విప్పి పారేసి, వాటి చోట పళ్లేలంత డిస్కులు బిగించాడు. తొక్కినప్పుడు ఆ డిస్కును రెండు పక్కల నుంచి ప్యాడ్లు గట్టిగా పట్టుకుంటాయి. కాలి బలానికి తోడు బూస్టరు కూడా పెట్టాడు. వెనక డ్రమ్ములను శుభ్రం చేసి అట్లాగే ఉంచాడు. బ్రేకు పైపుల్లో చేరిన గాలి తియ్యడానికి అనిలను సీట్లో కూర్చోబెట్టి, తాను కింద పడుకుని "తొక్కు, పట్టు, ఇడువు" అంటూ పిక్కలు పట్టేదాకా తొక్కించాడు. వచ్చేటప్పుడు వేలు చూపించి మరీ చెప్పాడు.

"డిస్కుకు సుక్క నూనె తాకొద్దు. నూనె తాగిన ప్యాడు, కల్లు తాగిన మనిషి ఒక్కటే. ఎంత చెప్పినా ఇనడు."

బుధవారం తిరిగి వస్తుంటే లింగంపేట దాటాక మలుపులో బర్లమంద అడ్డమొచ్చింది. అనిల పెడలు మీద కాలు పెట్టిందో లేదో, ఏనుగు ఉన్నచోటే నిలబడిపోయింది. ముందున్న బర్రె తల తిప్పి ఒకసారి చూసి, నెమరేసుకుంటూ తన దారిన తాను పోయింది. అనిలకు నవ్వాగలేదు.

"ఏందమ్మా, గట్ల నవ్వుతున్నవ్?" అన్నాడు బర్లకాడి మనిషి.

"ఆగింది తాతా! ఆగింది!"

ఆయనకేం అర్థమైందో గానీ ఆయన కూడా నవ్వాడు.

బేస్తవారం పొద్దున అనిల తలస్నానం చేసి బయటికి వచ్చేసరికి ఏనుగుకు కూడా స్నానం అయిపోయింది. బానెట్ మీద బొట్లు, కడ్డీకి బంతిపూల దండ, నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు. చంద్రవ్వ నల్లా దగ్గర చేతులు కడుక్కుంటోంది.

"ఏందవ్వా ఇదంత?"

"కొత్త సామాను ఏయించుకొచ్చినవ్ గద. పసుపు పెట్టకుంట ఉత్తగనే ఎక్కుతరా?" అంది మూతి ముడుచుకునే.

చక్రాలకు కూడా అక్కడక్కడా పసుపు కనిపించింది. మురిసిపోయిందే తప్ప అనిల వంగి చూడలేదు. చూస్తే ఈ కథే లేదు.

భీమేష్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని దిగాడు. గోడల మీద ఇరుగుపొరుగు తలలు లేచాయి. పీట వేస్తే చంద్రవ్వ బండెక్కింది. సీటు ముందున్న కడ్డీని రెండు చేతులా పట్టుకుని, కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంటూ కూర్చుంది. నిమ్మకాయలు చితికాయి. అనిల వాలెక్కి, బండి తిప్పి, దిగడం మొదలుపెట్టింది. సగం దిగాక పెడలు మీద కాలు పెట్టింది.

పెడలు గట్టిగానే ఉంది. బండే వినడం లేదు!

అనిల రెండు కాళ్లూ పెట్టి తొక్కింది. వెనక డ్రమ్ములు కుయ్యోమొర్రోమన్నాయి. గేటు వచ్చింది, గేటు పోయింది. తొందరేమీ లేనట్టు ఏనుగు నింపాదిగా పోయి, మొన్ననే మళ్లీ కట్టిన బీరపందిరిలో తల పెట్టి ఆగింది. ఒక వెదురు గుంజ బానెట్ మీద వాలింది.

భీమేష్ గొంతు సవరించుకున్నాడు.

"మల్ల నేను తోలుకపోనా పెద్దమ్మా?"

అనిల కళ్లు తుడుచుకుంటూ దిగింది. ముందు చక్రం దగ్గర గుప్పున వాసన కొట్టింది, మాడిన నూనె వాసన. వంగి చూస్తే డిస్కంతా పచ్చగా, జిడ్డుగా ఉంది. సంగతంతా అర్థమైపోయింది. నీళ్లలో కలిపిన పసుపు ఇనుముకు పట్టదని ముసలామె నువ్వుల నూనెలో కలిపింది. చక్రం చిల్లుల్లోంచి చెయ్యి పెట్టి, కొత్తగా మెరుస్తున్న డిస్కులకు గడపకు పూసినంత శ్రద్ధగా పూసింది.

ఒక్క మాట చెబితే బండి దక్కుతుంది. కానీ చెబితే ఇంతమందిలో నానమ్మ పూజ నవ్వులపాలవుతుంది. ఆమె ఇంకా కడ్డీని వదలకుండా సీట్లోనే ఉంది. అనిల తాళంచెవి తీసి గుప్పిట్లో పట్టుకుంది.

"నాదే తప్పు. సరిగ సూసుకోలే," అంటూ భీమేష్ దిక్కు రెండడుగులు వేసింది.

"ఆగు!"

చంద్రవ్వ పీట కోసం చూడకుండానే దిగింది. చక్రం దగ్గరికి వచ్చి వాసన చూసింది. తర్వాత తన అరచేతిని చూసుకుంది. గీతల్లో పసుపు ఇంకా పోలేదు.

"నిజం చెప్పు. దీనికి నూనె పడదా?"

అనిల తల దించుకుంది. "పడదవ్వా. తాకితే బ్రేకు జారుతది."

చంద్రవ్వ గోడల మీది తలలన్నిటినీ ఒకసారి చూసింది. గొంతు తగ్గించే మనిషి కాదు, తగ్గించలేదు.

"భీమేషూ, నీ తొవ్వ నువ్వు పట్టు బిడ్డా. తప్పు బండిది గాదు, నా చేతిది."

"మాటంటే మాట గద పెద్దమ్మా?"

"బండి ఓడిపోతె ఇస్తనన్న. ఓడింది నా చెయ్యి. చెయ్యి కొంటవా, చెప్పు?"

గోడలన్నీ గొల్లున నవ్వాయి. భీమేష్ కూడా నవ్వాపుకోలేక, చాయ్ తాగి మరీ వెళ్లాడు.

అతను పోయాక అనిల అడిగింది. "అమ్మాలనే ఉండె గద నీకు. గంత పసుపు ఎందుకు పూసినవే?"

"ఆగాలెనని మొక్కుకుంట పూసిన. నువ్వు కంచం మీదికెల్లి లేచిపోతివి. నేను సూడలేదనుకున్నవా?"

అనిల బానెట్ మీది పందిరి గుంజ ఎత్తి నిలబెట్టింది.

ఫోనులో సంగతి విని అబ్రాహాము ముందు తిట్టాడు, తర్వాత పడీపడీ నవ్వాడు. నూనె తాగినవి ఇక పనికిరావని కొత్త ప్యాడ్లు మధ్యాహ్నం బస్సులో కండక్టరు చేతికిచ్చి పంపాడు. అనిల డిస్కులను థిన్నరుతో కడిగి, తుడిచి, ప్యాడ్లు బిగించింది. ముందు తానొక్కతే వాలు దిగి చూసుకుంది. ఆ తర్వాత చంద్రవ్వను ఎక్కించుకుని మళ్లీ దిగింది. బండి సరిగ్గా గేటు ముందు, గుమ్మానికి ఎదురుగా నిలిచింది.

"గేటొచ్చిందా?" అంది చంద్రవ్వ కళ్లు తెరవకుండా.

"వచ్చింది. ఆగినం గూడ."

చంద్రవ్వ కళ్లు తెరిచి, లోపలికి పోయి పొద్దుటి పసుపు గిన్నె పట్టుకొచ్చింది. అనిల గబుక్కున చక్రానికి అడ్డం నిలబడింది. ముసలామె చక్రం దిక్కు చూడను కూడా చూడలేదు. కింద కూర్చుని, అనిల కుడి పాదాన్ని ఒళ్లోకి లాక్కుని, మడమ నుంచి వేళ్లదాకా నూనె పసుపు పూసింది.

"ఆపేది గీ కాలే గదనే," అంది.

"అవ్వా, పెడలు మీద జారుతది!"

"ఇయ్యాల్టికి బండి ముట్టకు. లోపలికి నడువు, బువ్వ తిందువు."