నల్లపొడి గ్లాసుల్లో గుండెలు

పొద్దున్నే యేర్ మోవా చేసే మొదటి పని పిల్లల్ని ఏరడం. మిల్వాకీ హార్బర్ ఒడ్డున ఉన్న లాబ్‌లో, పై అంతస్తు పెంపకం గదిలో, డాఫ్నియాలనే ఆవగింజంత నీటిపురుగులు గ్లాసుల నిండా గెంతుతూ ఉంటాయి. కొత్తగా పుట్టిన వాటిని డ్రాపర్‌తో పీల్చి వేరే గ్లాసులో వదలాలి. డ్రాపర్ మూతి నీళ్ళలో మునిగాకే వదలాలి. పైనుంచి వదిలితే ఒంటి మీది చిప్ప కింద గాలి చేరి, పిల్ల పైకి తేలిపోయి, మళ్ళీ కిందికి దిగలేక చచ్చిపోతుంది. ఆ తర్వాత మేతగా పచ్చటి నాచునీళ్ళు పోయాలి. ఇదంతా అయ్యేసరికి కిటికీ అవతల ఒడ్డు దగ్గర గడ్డకట్టిన సరస్సు తెల్లగా కనిపిస్తుంది. అప్పటిదాకా ఆమె ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడి ఉండదు. చాలారోజులు సాయంత్రానికి కూడా అంతే.

సగం గ్లాసుల్లో ఉత్త సరస్సు నీళ్ళు. మిగతా సగంలో బ్యాటరీల్లో వాడే నల్లపొడి, కంటికి కనపడనంత సన్నటిది, కలిపి ఉంటుంది. ఆ పొడి మింగిన డాఫ్నియా ఎంత ఊపిరి పీలుస్తుంది, తిన్నది ఒంట్లో ఎలా ఖర్చు పెడుతుంది అన్నదే యేర్ థీసిస్. ఒక్కోదాన్ని ఒక్కో బుల్లి గాజు గుంటలో పెట్టి, మూత బిగించి, నీళ్ళలో ఆక్సిజన్ ఎంత తగ్గిందో చూడాలి.

డాఫ్నియాలు పెంచేవాళ్ళ మనసుని బట్టి ఉంటాయి కదా. అందుకే ప్యాకర్స్ ఫుట్‌బాల్ జట్టు ఓడిన మర్నాడు ఆ లాబ్‌లో ఎవరూ కొలతలు తీసేవాళ్ళు కాదు. పక్క గదిలో పరిశోధన చేసే బ్రైస్‌కి విడాకులైన ఏడాది, అతని పేపర్లో అంకెల కింద చిన్న అక్షరాల్లో ఆ సంగతి రాసి అచ్చేశారు.

ఒకరోజు థీసిస్ గైడ్ డాక్టర్ హాగెన్ యేర్ని పిలిచింది.

"ఉత్తనీళ్ళవి కూడా పొడి మింగినవాటిలాగే మెల్లగా ఊపిరి పీలుస్తున్నాయి. రెండూ ఒకటే అయితే పొడి ఏం చేసిందని చెప్తాం?"

"నీళ్ళ వేడి సరిగ్గానే ఉంది డాక్టర్."

"వేడి సంగతి కాదమ్మా. నిన్న నువ్వు ఎవరితో మాట్లాడావు?"

యేర్ గుర్తు చేసుకుంది. "బస్ డ్రైవర్‌కి థాంక్స్ చెప్పాను."

హాగెన్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "వచ్చే విడత కూడా ఇలాగే వస్తే వీటిని బ్రైస్‌కి ఇచ్చేయాలి. థీసిస్‌కి నువ్వు ఇంకోటేదో మొదట్నుంచీ వెతుక్కోవాలి. నాకిష్టమై చెప్పట్లేదు."

యేర్ ఫోన్లో నవ్వుల వీడియోలు పెట్టుకుని గ్లాసుల ముందు కూర్చుని నవ్వింది. మైక్రోస్కోప్‌లో, గాజులాంటి ఒంట్లోంచి కనపడే వాటి గుండెలు అలాగే నత్తనడక నడిచాయి. నటన వాటిదగ్గర చెల్లదు.

శుక్రవారాలు సరస్సు నీళ్ళ డ్రమ్ములు తెచ్చే లాబ్ పడవ మనిషి టాడ్ వోయ్‌చిక్‌కి ఈ కబురు అందింది.

"ఏంటి పిల్లా, నీ మొహం చూసి అవి కూడా మొహాలు వేలాడేశాయట?"

"ఎవరు చెప్పారు?"

"పడవలో దాగేదేముంది. చర్చి కింద హాల్లో శుక్రవారం చేపల వేపుడు విందు ఉంది, రా. మా ముసలాళ్ళు పేకాడుతూ తిట్టుకుంటారు, బాగుంటుంది."

"కుదరదండీ. వీటికి మేత వెయ్యాలి."

సాయంత్రం ఆయనే పొట్లం పట్టుకొచ్చాడు. గదిలో తినకూడదు కాబట్టి వరండాలో, తలుపు బార్లా తీసి కూర్చున్నారు. పెర్చ్ చేప, రై బ్రెడ్డు, క్యాబేజీ.

"మా అమ్మైతే దీంట్లోకి పచ్చిమిరప నూరి పెట్టేది," అంది యేర్.

"ఈసారి నువ్వు నూరు. ఆ ఘాటుకి నేను పోతే పడవ నువ్వు నడుపుదువుగాని."

యేర్ నవ్వింది. తన నవ్వు తనకే కొత్తగా వినపడింది.

తర్వాతి శుక్రవారం మిరప తెచ్చింది. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ మొత్తం తినేశాడు. అలా శీతాకాలం గడిచింది.

కొలతల రోజు ఉత్తనీళ్ళవాటి గుండెలు పరిగెత్తాయి. పొడి మింగినవాటివి మాత్రం ఎప్పట్లాగే.

హాగెన్ తెర మీద గీతల్ని చాలాసేపు చూసింది. "పొడి చేసింది ఇదన్నమాట. తింటున్నాయి, బతుకుతున్నాయి. నీ సంతోషమే వాటిదాకా చేరట్లేదు. థీసిస్ నీదే. రాసెయ్."

కింద, ఆమెని చేపల వేపుడుకి తీసుకెళ్ళడానికి వచ్చిన టాడ్ లారీ ఇంజన్ ఆన్‌లో ఉంది. యేర్ ఎక్కి విషయం చెప్పింది.

"గెలిచావుగా. మరి ఆ మొహమేంటి?"

"వాటిని కూడా నేనే పెంచానండీ. నేను బాగున్నానని వాటికి తెలీదు."

టాడ్ ఇంజన్ ఆపేశాడు. "మా ఆవిడ వాండా కూడా చివరి ఏడాది అంతే. నేను పక్కనున్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

"మరి మీరేం చేశారు?"

"చేసేదేముంది. కూర్చున్నా."

యేర్ లారీ తలుపు తీసింది. "మీరెళ్ళండి. వేపుడు అయిపోతుంది."

పైకెళ్ళి, స్టూలు లాక్కుని నల్లపొడి గ్లాసుల ముందు కూర్చుంది. మైక్రోస్కోప్ ముట్టుకోలేదు. వాటికి, ఆ వారం జరిగినవన్నీ, మెల్లగా చెప్పడం మొదలెట్టింది.

కాసేపటికి వరండాలో కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆమె వెనక్కి తిరగలేదు. చెప్తూనే ఉంది.