తిరుగుబోతు దిబ్బ చుట్టుపక్కల

ఫోను మోగినప్పుడు ఆమె డాబా మీద తడి దుప్పటి ఒక కొస పట్టుకుని ఉంది. రెండో కొస భర్త చేతిలో ఉంది. ఇద్దరూ చెరోవైపూ మెలితిప్పి పిండుతుంటే నీళ్ళకంటే నవ్వే ఎక్కువ కారుతోంది. ఆమె ఒంటి చేత్తో ఫోను చెవిన పెట్టుకుంది.

"నీ అధ్యయనానికి అనుమతి వచ్చిందమ్మా," అన్నారు పరిశోధన కేంద్రం పెద్దాయన. "దిబ్బ, దాని చుట్టుపక్కల ప్రాంతాలు. పడవ ఇస్తారు, ఏడాది గడువిస్తారు."

ఆమె దుప్పటి వదిలేసింది. అవతల బలంకొద్దీ లాగుతున్న భర్త వెనక్కి తూలి నీళ్ళతొట్టిలో కూర్చున్నాడు. పెళ్ళయి నెల తిరగని మనిషికి అది కూడా శుభశకునంలాగే తోచింది.

దిబ్బంటే మామూలు దిబ్బ కాదు. ఊరి అంచున ఉన్న సరస్సులో రెల్లు వేళ్ళూ నాచూ మట్టీ ఒకదాన్నొకటి అల్లుకుని, నాలుగిళ్ళంత వెడల్పున నీటి మీద తేలుతూ ఉంటుంది. గాలి ఎటు తోస్తే అటు పోతుంది. పొద్దున ఈ ఒడ్డుకి ఆనుకుని కునుకు తీసి, సాయంత్రానికి అవతలి ఒడ్డు చెట్లతో కబుర్లాడుతుంది. అందుకే ఊరంతా దాన్ని తిరుగుబోతు అంటారు. కాలేజీలో ఉండగా ఆమె మొదటిసారి దాని మీద అడుగుపెట్టినప్పుడు, నేల నిద్రలో ఊపిరి పీల్చినట్టు మెత్తగా లేచి దిగింది. అది తాకిన ప్రతి ఒడ్డు నుంచీ ఏ గింజ, ఏ పురుగు తెచ్చుకుంటుంది, ఏది విడిచి పోతుంది అన్న ప్రశ్న ఆ రోజే ఆమె అరికాళ్ళలోంచి లోపలికి పాకింది. ఇన్నాళ్ళూ వేరేవాళ్ళ అధ్యయనాల్లో సీసాలు కడిగింది. ఇది తనది.

"ఒక్క మెలిక ఉంది," అన్నారు పెద్దాయన. "చుట్టుపక్కల అంటే ఎక్కడిదాకా అని అనుమతిచ్చినవాళ్ళు అడుగుతున్నారు. నువ్వు పంపిన పటంలో ఉత్తరపు ఒడ్డు గీశావు. నిన్న వాళ్ళ మనిషి వెళ్ళి చూస్తే అక్కడ దిబ్బే లేదట. సాయంత్రంలోగా హద్దు తేల్చి చెప్పు. లేదంటే ఆ పడవ ఇంకొకరికి పోతుంది."

కళ్ళజోళ్ళ దుకాణం నడిపే భర్త, తడిబట్టలతోనే కిందికి పోయి బైనాక్యులర్ తెచ్చాడు. ఆమె సరస్సంతా వెతికింది. దిబ్బ సరిగ్గా నడిమధ్యన, ఏ ఒడ్డుకీ చెందకుండా, వెండినీటిలో మెల్లగా తిరుగుతోంది.

"దగ్గరి చూపుకి అద్దాలిస్తాను, దూరపు చూపుకి ఇస్తాను," అన్నాడతను. "తిరిగేవాటికి మాత్రం నా దగ్గర లేవు."

ఇంతలో అత్తగారు మిగిలిన బట్టలతో మెట్లెక్కి వచ్చింది. "ఏమ్మా, ఇప్పుడే కిలకిలమన్నావు, అప్పుడే మొహం వాడిపోయిందేం?"

"తిరుగుబోతు ఒక్కచోట నిలవడం లేదత్తయ్యా."

"నిలిస్తే ఆ పేరెందుకొస్తుంది? కాపురానికొచ్చి నెల కాలేదు, తిరుగుబోతు వెంట పడ్డావు. మావాడు చూడు, దగ్గరుండి దుర్భిణి అందిస్తున్నాడు."

మధ్యాహ్నందాకా ఆమె పటం మీద గీసింది, చెరిపింది. ఒక ఒడ్డు గీస్తే దిబ్బ ఇంకో ఒడ్డుకి పోతుంది. సరస్సంతా గీస్తే ఏడాది కాదు, ఏడు జన్మలెత్తినా చాలదు. కాగితం నలిగి పాత రుమాలులా అయింది.

భోజనాలయ్యాక భర్త దుకాణం మూసి, చుట్టిన పరుపు భుజాన వేసుకుని గది మధ్యలో నిలబడ్డాడు. "పక్క ఎక్కడ వేయమంటావు?"

"నిన్న కిటికీ కింద వేశారుగా."

"ఇవాళ గాలి తలుపు వైపు నుంచి వస్తోంది."

ఆ ఇంట్లో పక్కకి స్థిరమైన చోటు లేదు. గాలిని బట్టి అది గదంతా తిరుగుతుంది. మొన్నయితే వసారాలోకి పోయి, అత్తగారి కాలికి అడ్డం పడి తిట్లు కూడా తిన్నది. అతను తలుపు దగ్గర పరుపు పరిచి నడుం వాల్చాడు. ఆమె పటం పట్టుకునే వచ్చి అతని ఎడమవైపు ఒరిగింది. కిటికీ కర్ర రెక్కల సందుల్లోంచి వచ్చిన వెలుగు గోడ మీద నీళ్ళలా కదులుతోంది. కళ్ళు మూతలు పడుతుంటే గది కూడా ఒడ్డు విడిచి తేలుతున్నట్టుంది.

"నా చోటెక్కడ?" అంది మగతగా.

"ఇదేం ప్రశ్న? నా ఎడమపక్క."

"కిటికీ కింద వేసినా?"

"కిటికీ కింద వేసినా, డాబా మీద వేసినా. పక్క ఎటు పోతే నీ చోటూ అటే."

ఆమె లేచి కూర్చుంది. పక్క. చుట్టుపక్కల. ఇంతసేపూ తను ఒడ్డుని పట్టుకుని దిబ్బని వెతుకుతోంది. పట్టుకోవలసింది దిబ్బని. పరుపు మీద మోకాళ్ళపై నిలబడే ఫోను చేసింది.

"సార్, హద్దు దిబ్బ అంచు నుంచి కొలుద్దాం. అంచు నుంచి అన్ని వైపులా పడవ తాడంత దూరం. దిబ్బ ఎటు పోతే చుట్టుపక్కల అటు పోతుంది. ఏ ఒడ్డు ఆ తాడుకి అందితే ఆ ఒడ్డు ఆ రోజుకి మనదే."

అవతల పెద్దాయన ఆ మాటలు కాగితం మీద రాసుకున్నారు.

"కదిలే హద్దన్నమాట. ఎక్కడ చదివావమ్మా ఇది?"

ఆమె పరుపు వైపు చూసింది. భర్త దిండు మొహాన కప్పుకుని నవ్వాపుకుంటున్నాడు.

"ఇంట్లోనే సార్."

సాయంత్రం ఎండిన దుప్పటి మడతపెడుతుండగా మళ్ళీ ఫోను వచ్చింది. ఒప్పుకున్నారు. పడవ తెల్లారేసరికి రేవులో ఉంటుంది. సరస్సు మీద ఎండ పలచబడి తేనెరంగు తేలింది. దూరాన దిబ్బ, పిలవకుండానే విన్నట్టు, రెల్లు తల ఊపుకుంటూ ఇటువైపు మళ్ళింది.

"రేపు దుకాణం తియ్యను," అన్నాడు భర్త. "తాడు ఒక కొస నేను పట్టుకుంటాను."

"రెండో కొస నేను వదిలేస్తే?"

"తొట్టి అలవాటైంది. ఇక సరస్సే."

అత్తగారు దుప్పటి అందుకుని చంకన పెట్టుకుంది. "రేపు నేనూ వస్తున్నా. తెల్లారగట్లే లేపండి. మీ ఇద్దర్నీ నమ్మి ఆ తిరుగుబోతు మీదికి ఒంటరిగా పంపితే, అక్కడే పక్క వేసేసేలా ఉన్నారు."