వానకోట్లు కుట్టిన నెల

ముందుగా మన్నించమని అడుగుతున్నాను. నాకు అక్షరాలు వచ్చింది మా ఆయన పోయాక, జుట్టు నెరిశాక. ఒత్తులు మరిచిపోతాను, దీర్ఘాలు అక్కర్లేని చోట లాగుతాను. ఒక్క పేజీకి పొద్దంతా పడుతుంది. పైగా నేను రాయబోయేది దొడ్డి సంగతి. ముక్కు మూసుకోకండి, చివరికి వచ్చేసరికి వాసన ఉండదు.

మేం పనిచేసే కుట్టు షెడ్డు రాతి గుట్ట మీద ఉంది. డ్రైనేజీ పైపు గుట్ట కిందే ఆగిపోయింది. గుంట తవ్వుదామంటే గునపం వంగుతుంది గానీ రాయి పగలదు. అందుకని షెడ్డులో ఆడవాళ్లం ఒకటే ఉపాయం పట్టుకున్నాం: పొద్దుటి నుంచి నీళ్లు తాగకపోవడం. మరీ ఆగకపోతే గుట్ట దిగి మార్కెట్ దగ్గరి దొడ్డికి వెళ్లి రావాలి. వచ్చేసరికి మిషను పక్కన కుట్టాల్సిన గుడ్డ కుప్పపడి ఉంటుంది.

నా కోడలు అక్కడే మిషను కుడుతుంది. నేను గుండీలు కుడతాను, దారాలు కత్తిరిస్తాను. కోడలికి నెల తప్పింది. ఆ వెనకాలే మూత్రంలో మంట, చలిజ్వరం. డాక్టరమ్మ మందులిచ్చి, "నీళ్లు తాగకపోతే ఇది మళ్లీ మళ్లీ వస్తుంది. కడుపులో బిడ్డకీ మంచిది కాదు. బాగా తాగు, వస్తే ఆపుకోకు" అంది. అంతకుముందు ఒకసారి కడుపు పోయిన పిల్ల. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకుంది.

"పని మానెయ్యవే" అన్నాను.

"మానేసి ఇంట్లో కూర్చుంటే రోజంతా భయపడుతూ కూర్చోవాలి అత్తయ్యా. మిషను ముందుంటే కాస్త మరిచిపోతాను."

మా తమ్ముడు తాపీమేస్త్రి. ఎక్కడో ఒక రకం దొడ్డి కట్టి వచ్చాడు. తవ్వక్కర్లేదట. నేల మీదే ఇటుకలతో రెండు గదులు కట్టి, పైన బండ వేస్తారు. బండకి ముందు కన్నం ఒంటికి, వెనక కన్నం రెంటికి, కడుక్కోవడానికి పక్కన వేరే చోటు. వెనక కన్నంలో నీళ్లు పడకూడదు. పని అయ్యాక గుప్పెడు రంపపు పొట్టు చల్లి మూత పెట్టాలి. ఒక గది నిండితే దాన్ని మూసేసి రెండోది వాడాలి. మూసింది మెల్లగా మట్టి అయిపోతుంది.

"మట్టి అవుతుందా? ఏదీ, నా మొహం చూసి చెప్పు" అంది షెడ్డు యజమానురాలు. ఆవిడని మేం మేడమ్ అంటాం.

"మీ మొహం చూసే చెబుతున్నానమ్మా."

"సరే, కట్టు. వాసన వచ్చిందా, కట్టిన చేతుల్తోనే పడగొట్టాలి. గుడ్డకి వాసన పట్టిందంటే కొనేవాడుండడు."

ఆవిడ మాటలోనూ న్యాయముంది.

తమ్ముడు కట్టాడు. మొదటి రోజు ఎవరూ కదలరే! ఒకళ్లనొకళ్లు మోచేత్తో పొడుచుకోవడమే సరిపోయింది.

"నువ్వెళ్లు వదినా, పెద్దదానివి" అన్నాను ఇస్త్రీ చేసే వదినతో.

"ఏనాడూ ఇవ్వని పెద్దరికం ఇవాళ దీనికా ఇచ్చేది?"

చివరికి కోడలే లేచి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి అందరి కళ్లూ దాని మీదే.

"ఏంటలా చూస్తారు? నేనేమన్నా పరీక్ష రాసొచ్చానా?" అంది. షెడ్డంతా నవ్వు. ఆ మధ్యాహ్నం అది గ్లాసుడు నీళ్లు ఆగకుండా తాగుతుంటే నా గొంతు కూడా చల్లబడింది.

కొన్నాళ్లకి రంపపు పొట్టు అయిపోయింది. వడ్రంగి దుకాణం దాకా ఎవరు వెళ్తారని మేం నసుగుతుంటే మేడమే అంది: "మిషన్ల కింద పీలికలు ఇన్నేసి పడుంటాయి కదా. సన్నగా కత్తిరించి చల్లండి. ఎలాగూ పారేసేవేగా." అప్పుడు మేం దిండు గలేబులు కుడుతున్నాం. మెత్తటి నూలు గుడ్డ. పీలికలు చల్లాం, ఏ బాధా లేదు. ఆవిడ తెలివికి మేమూ మురిసిపోయాం.

గలేబులు అయిపోయి వానకోట్ల పని వచ్చింది. కొద్ది రోజులకే వాసన మొదలైంది. దాని వెంట ఈగలు. మేడమ్ ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని వచ్చింది.

"నేను ముందే చెప్పానా లేదా? మేస్త్రిని పిలిపించండి. పడగొట్టించేద్దాం."

తమ్ముడు వచ్చి మూత చూశాడు, ముందు కన్నం నుంచి ఒంటి నీళ్లు బయటికి పోయే పైపు చూశాడు. లోపలికి తొంగిచూసి, "తడిగా ఉంది. ఎవరో నీళ్లు పోస్తున్నారు" అన్నాడు. అంతే, గొడవ రాజుకుంది.

"నువ్వే పోసుంటావు వదినా! గడప కనిపిస్తే చాలు బకెట్టు ఎత్తుతావు."

"నా మీదికి తోస్తారేం? ఒట్టు, చుక్క పోస్తే నా చేతులు పడిపోనీ!"

కోడలు ఎదురుగా ఉన్న నీళ్ల గ్లాసుని మెల్లగా పక్కకి జరిపింది. ఈ దొడ్డి పోతే మళ్లీ మొదటికే వస్తాం.

మర్నాడు పడగొట్టాలి. పొద్దున్నే కోడలు లోపలికి వెళ్లి, చేతులు కడుక్కుని, తుడుచుకోకుండానే పీలికల డబ్బాలో చెయ్యి పెట్టిందట. పిడికెడు తీస్తే చేతి తడి చేతికే ఉంది. నీటి బొట్లు పీలికల మీద పూసల్లా దొర్లి కింద పడ్డాయి. డబ్బా చంకన పెట్టుకుని నవ్వుకుంటూ వచ్చింది.

"అత్తయ్యా, వానకోటు దేనికి కుడతాం?"

"తడవకుండా ఉండటానికి. ఇదేం ప్రశ్నే?"

"మరి ఇన్నాళ్లూ మనం దానికి కూడా వానకోటు తొడుగుతున్నాం!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఇస్త్రీ వదిన నేల మీద కూలబడి నవ్వింది. పొట్టుగానీ నూలు గానీ తడి పీల్చుకుంటుంది. ఈ వానకోటు గుడ్డకి పీల్చుకోవడం ఎక్కడ తెలుసు? పడిన తడి పడినట్టే అడుగున నిలిచిపోయింది.

అంతలో మేడమ్ వచ్చింది. పీలికలు చల్లమన్న ఆలోచన ఎవరిదో అందరికీ గుర్తుంది. అందరూ పైకప్పు రేకులు లెక్కపెడుతున్నట్టు పైకి చూశారు. నేనే నోరు విప్పాను.

"మీ ఆలోచన బంగారంలాంటిది మేడమ్. గలేబులున్నన్నాళ్లూ."

ఆవిడ డబ్బా వంక చూసింది, మా వంక చూసింది. "అంటే... నేనేనా?"

"గుడ్డది తప్పు మేడమ్" అంది కోడలు.

కోపం తెచ్చుకుందామని చూసింది గానీ, రాలేదు. పెదాలు అదిరి నవ్వొచ్చేసింది. పడగొట్టడానికి వచ్చిన తమ్ముడు మూతికి గుడ్డ కట్టుకుని, మమ్మల్నందరినీ పేరు పేరునా తిట్టుకుంటూ, ఇటుక గదికి వెనక ఉన్న చిన్న తలుపు తీసి పీలికలన్నీ లాగి పారేశాడు. పొట్టు గుమ్మరించి మూశాడు. నాలుగు రోజులకి వాసన పోయింది, ఈగలూ పోయాయి. కోడలి మూత్ర పరీక్ష చూసి డాక్టరమ్మ, "ఇలాగే ఉండు" అంది.

మేడమ్ మాత్రం ఆ దొడ్డి గడప తొక్కేది కాదు. ఎంత ఆలస్యమైనా ఇంటికెళ్లేదాకా బిగబట్టేది. ఒక మధ్యాహ్నం చరచరా నడిచొచ్చి తలుపు తట్టింది.

"లోపలెవరు?"

"నేనే మేడమ్" అంది కోడలు.

"త్వరగా రావే తల్లీ!"

మేమందరం తలలు వంచుకుని మిషన్లు ఎంత గట్టిగా తొక్కామో! ఆ తర్వాత పడగొట్టే మాట మళ్లీ ఎవరి నోటా రాలేదు.

నన్ను అందరూ గుండీలత్త అంటారు. వయసు అరవై నాలుగు. ఇప్పుడు కొడుకు, కోడలు, పాలు తాగి నిద్రపోతున్న మనవరాలితో గుట్ట కింది వీధిలో ఉంటున్నాను.